లాకుల దగ్గర లెక్క, శివారున తడి

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో వార్డు సభ్యులు, రైతులు, విద్యార్థులతో జరిగిన సభలో, ఆడిట్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

పంచాయతీలకు వచ్చే నిధులు, వాటి ఖర్చుకు ప్రభుత్వం ప్రజలకు చెప్పవలసిన జవాబు అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఎక్కడ మొదలుపెట్టాలా అని దారి పొడవునా ఆలోచించాను. ఈ హాల్లో అడుగుపెట్టాక, నేను వెతుకుతున్న మొదలు ఇక్కడే ఉందనిపించింది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఇంటి పన్ను పక్కనే గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఆ ఎనిమిది పైసలు పంచాయతీవి కావు. పంచాయతీ వాటిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. ‘వసూలైన గ్రంథాలయ పన్ను జమ చేయలేదు’ అనే వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు. అడిగితే కార్యదర్శి అబద్ధమాడేవాడు కాదు. “పారిశుద్ధ్య కార్మికులకు మూడు నెలలుగా జీతాల్లేవండి, చేతిలో ఉన్నది వాళ్ళకిచ్చాం” అనేవాడు. ఆ మాట నిజమే. ఒక న్యాయమైన ఖర్చు మరొక న్యాయమైన ఖర్చును మింగింది, అంతే. ఎవడి జేబులోకీ పైసా పోలేదు. అయినా ఇక్కడి బీరువాలోకి రావలసిన పుస్తకం రాలేదు, ఆ పుస్తకం చదవవలసిన పిల్లవాడికి ఎందుకు రాలేదో తెలియదు.

జవాబుదారీతనం అనగానే మనకు దొంగను పట్టుకోవడం గుర్తుకొస్తుంది. దొంగలు లేరని నేను అనను. ముప్పై ఏళ్ళు పుస్తకాలు తిరగేసినవాడిగా ఒక్క మాట మాత్రం చెప్పగలను: ప్రజాధనం దొంగ చేతిలో పోయేదానికంటే, ఎవరూ కొలవని చోట ఇంకిపోయేది ఎక్కువ.

మనది డెల్టా కాబట్టి ఈ ‘ఇంకిపోవడం’ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి మన బతుకులు కాలువతో ముడిపడ్డాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ పేపర్లో వస్తుంది. లాకుల దగ్గర నీటిమట్టం కొలిచే గేజి చూసి, కాలువ కాపలా చూసే లస్కరు పుస్తకంలో అంకె వేస్తాడు. ఆ అంకె తప్పు కాదు. కానీ కాలువ చివరన ఉండే శివారు రైతుకు కావలసింది ఆ అంకె కాదు, తన చేలో తడి. మధ్యలో ఏ తూము పగిలిందో, ఎవరు ఇంజను పెట్టి చెరువులోకి తోడుకున్నారో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో గేజి చెప్పదు. అందుకే దాళ్వాలో, అంటే రబీ వరికి, నీటి ఎద్దడి వచ్చి వంతులవారీ విధానం పెట్టినప్పుడు శివారు రైతులు రాత్రిళ్ళు కాలువగట్టు మీద మంచం వేసుకుని కాపలా పడుకుంటారు. ప్రభుత్వ ధనానికి మనకు గేజీలు చాలానే ఉన్నాయి. ఆ గట్టు మీది కాపలా ఎందుకు లేదన్నదే నా విషయం.

ముందు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలను పేర్కొని, వాటి బాధ్యతను రాష్ట్రాలు పంచాయతీలకు అప్పగించవచ్చునన్నారు. ‘అప్పగించవచ్చును’ అన్న ఆ చిన్న మాటలోనే ముప్పై ఏళ్ళ కథంతా ఉంది. మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. దాని ప్రకారం పంచాయతీకి సొంత ఆదాయం ఉంటుంది, రాష్ట్రం పంచి ఇచ్చే వాటా ఉంటుంది, ఆర్థిక సంఘం గ్రాంట్లు ఉంటాయి. రిజిస్ట్రేషన్ల మీది సర్‌చార్జి, సీనరేజి (ఇసుక, రాయి వంటి ఖనిజాల తవ్వకం మీది రుసుము) వంటి వాటాలు ఎప్పుడొస్తాయో, ఎంత వస్తాయో సర్పంచికి ముందుగా తెలియదు. ఆ వాటాలను తేల్చడానికే 243-ఐ అధికరణం అయిదేళ్ళకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయమంది; దాని సిఫార్సుల మీద ఏం చర్య తీసుకున్నారో శాసనసభ ముందు పెట్టమంది. ఆ కాగితం సభ ముందుకు వచ్చిందా అని మన నియోజకవర్గాల్లో ఏ ఎన్నికల సభలోనైనా ఎవరైనా అడగగా నేను వినలేదు.

సొంత ఆదాయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతపు అసలు రంగు అక్కడ కనిపిస్తుంది. ఇంటి పన్ను, కుళాయి పన్ను అన్ని జిల్లాల్లోనూ ఉన్నవే. మనకు వాటికి తోడు చెరువుల చేపల పాట, అంటే వేలం, ఉంది, రేవుల పాట ఉంది, సంత పాట ఉంది, పంచాయతీ స్థలాల్లోని కొబ్బరిచెట్ల ఫలసాయం ఉంది. మెట్ట ప్రాంతపు పంచాయతీ ఇన్ని వనరులు కలలో కూడా చూడదు. కానీ ఈ పాటలు ఎలా జరుగుతాయి? దండోరా వేయించినట్టు కాగితం ఉంటుంది, ముగ్గురు పాడినట్టు సంతకాలుంటాయి, ప్రభుత్వ పాట, అంటే ముందే పెట్టిన కనీస ధర, మీద నాలుగు వేలు పెరిగి ఒకరికి ఖాయమవుతుంది. నిజానికి పంచాయతీ ఆఫీసు ముందు పాట జరగడానికి వారం ముందే రామాలయం అరుగు మీద అసలు పాట అయిపోయి ఉంటుంది. అక్కడ అది లక్షల్లో నడుస్తుంది. హెచ్చుగా పాడినవాడు ఆ సొమ్మును గుడికో, ఊరి ఉమ్మడి ఖర్చుకో ఇస్తాడు. ఆఫీసు ముందు అతనికి పోటీగా ఎవరూ పాడరు. ఇది మోసమని ఊళ్ళో ఎవరూ అనుకోరు. “డబ్బు ఊళ్ళోనే ఉంది కదండీ, గుడి కట్టించాం కదా” అంటారు.

గుడి కట్టుకోవడం తప్పని చెప్పడానికి నేను రాలేదు. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరొకటి. ఆ గుడి డబ్బుకు ఊళ్ళో ఖచ్చితమైన లెక్క ఉంటుంది. శ్రీరామనవమి అయిన మర్నాడు పందిట్లో మైకు పెట్టి జమాఖర్చు చదువుతారు. నూట పదహార్లు చందా ఇచ్చినవాడు కూడా తన పేరు వినపడకపోతే లేచి నిలదీస్తాడు. పానకానికి బెల్లం ఎన్ని కిలోలు కొన్నారు, ఏ కొట్లో కొన్నారు, కిలో ఎంత పడింది అని అడిగేవాళ్ళున్నారు. అదే మనుషులు, అదే వీధి, వంద గజాల దూరంలో పంచాయతీ ఆఫీసు. అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఖర్చయితే అడిగేవాడు లేడు. కారణం అజ్ఞానం కాదు. గుడి డబ్బు మనదని, పంచాయతీ డబ్బు ప్రభుత్వానిదని మనం అనుకుంటున్నాం. పై నుంచి వచ్చిన డబ్బుకు పైవాళ్ళే లెక్క చూసుకుంటారు అనుకుంటున్నాం. ఇక పైవాళ్ళకేమో లాకుల దగ్గరి గేజి చాలు.

పై నుంచి వచ్చే డబ్బులో పెద్దది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 14వ ఆర్థిక సంఘం 2015–20 కాలానికి దేశంలోని గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫార్సు చేసింది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫార్సు చేస్తూ, అందులో 60 శాతాన్ని ముడిపెట్టింది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చంది, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ మాత్రం వాడకూడదంది. కేంద్రం నుంచి అందిన డబ్బును రాష్ట్రం పది పనిదినాల్లో స్థానిక సంస్థలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా ఇవ్వాలంది. లెక్కలు, ఆడిట్ నివేదికలు ఆన్‌లైన్‌లో పెడితేనే గ్రాంటుకు అర్హత అంది. కాగితం మీద ఇంతకంటే మంచి షరతులు నేను కూడా రాయలేను.

మన నేలమీద ఆ షరతులు ఎలా నడిచాయో చూడండి. మన పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ రెండున్నరేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదు గనుక కేంద్ర గ్రాంటు నిలిచిపోయింది. ఎన్నికలు జరపకపోవడం పంచాయతీ చేసిన తప్పు కాదు, శిక్ష మాత్రం వీధిలో దీపం వెలగని ఇంటికి పడింది. ఆ తరువాత 2021 చివర్లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారు. ఖాతాలు ఖాళీ అయ్యాయని రాష్ట్రమంతటా సర్పంచులు ఆందోళనకు దిగారు. ఇక్కడ రెండు పక్షాల మాటా నేను చెప్పాలి. బకాయి అబద్ధం కాదు. వీధి దీపాలకు, మంచినీటి పథకాల మోటార్లకు వాడిన కరెంటుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. కానీ మీ ఇంట్లో బీరువాలోని డబ్బు మీరు బాకీ ఉన్న కొట్టువాడు మీకు చెప్పకుండా తీసుకుపోతే, బాకీ తీరిందని సంతోషిస్తారా? పంచాయతీ తీర్మానం లేకుండా పంచాయతీ డబ్బు కదిలిందంటే, ఆ రోజునుంచి సర్పంచిని ఊరు ఏ మొహంతో లెక్క అడుగుతుంది? నిర్ణయం చేసిన చోటు ఒకటి, జవాబు చెప్పవలసిన చోటు మరొకటి అయిపోయింది.

ఇక ఆడిట్. ఇది నా ఇల్లు కాబట్టి ఇంటి గుట్టు కొంత చెబుతాను. 243-జె అధికరణం పంచాయతీ లెక్కల ఆడిట్ బాధ్యతను రాష్ట్ర శాసనసభ చేసే చట్టానికి వదిలింది. మన దగ్గర ఆ పని రాష్ట్ర ఆడిట్ శాఖ చేస్తుంది. పాతవాళ్ళు ఇప్పటికీ లోకల్ ఫండ్ ఆడిట్ అనే అంటారు. ఆ శాఖకు, ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ సాంకేతిక మార్గదర్శకత్వం ఇస్తుంది. ఆడిటరు ఊరికి వస్తే ఆయన ముందుకు ఏం వస్తాయి? క్యాష్‌బుక్కు, ఓచర్లు, తీర్మానాల పుస్తకం, రసీదు పుస్తకాలు, పనుల కొలతలు రాసే ఎం-బుక్కు. మధ్యాహ్నం భోజనానికి అరటాకు, కొబ్బరి పచ్చడి కూడా వస్తాయనుకోండి, అది వేరే సంగతి.

చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో మంచినీళ్ళ చెరువు పూడికతీత బిల్లు చూశాను. ఊరు పేరు అనవసరం. అంచనా ఉంది, సాంకేతిక మంజూరు ఉంది, తీర్మానం ఉంది, ఇంజనీరు కొలిచి ఎం-బుక్కులో నమోదు చేశారు, ఓచరు మీద సంతకాలన్నీ ఉన్నాయి, చెల్లింపు మంజూరుకు లోబడే ఉంది. నా పుస్తకం ప్రకారం అభ్యంతరం రాయడానికి ఏమీ లేదు. రాయలేదు కూడా. సాయంత్రం బస్సుకోసం నిలబడితే, బిందెలతో ట్యాంకరు దగ్గర బారులు తీరిన ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ, “ఏం బాబూ, లెక్కలు చూడ్డానికొచ్చింది నువ్వేనా, మా చెరువు చూశావా?” అని అడిగింది. నేను చెరువు చూడలేదు. అది మే నెల. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్ళీ నీరు వదిలేదాకా ఊరికి ఆ చెరువే ఆధారం. పూడిక తీసిన చెరువు అప్పటికే అడుగంటిందంటే, మట్టి కాగితం మీద తవ్వారనే కదా అర్థం? ఏమో, ఆ ఏడు కాలువ కట్టే ముందు చెరువు సరిగా నింపలేదేమో, గట్టు పక్క రొయ్యల చెరువుల్లోకి ఊట పోయిందేమో. ఏది నిజమో తేల్చే అధికారం నాకుంది. ఆ సాయంత్రం వెనక్కి వెళ్ళే ఓపిక నాకు లేకపోయింది. మర్నాడు ఇంకో పంచాయతీ, ఆ నెలకు ముప్పై పంచాయతీల లక్ష్యం. ఆవిడ ప్రశ్న ఈరోజుకీ నా దగ్గరే ఉంది.

ఆడిటర్ల బద్ధకాన్ని ఇలా ఒప్పుకోవడంతో సరిపోదు, వ్యవస్థ నడక కూడా చెప్పాలి. ఈ సంవత్సరం ఖర్చును వచ్చే సంవత్సరం ఆడిట్ చేస్తారు. అభ్యంతరానికి జవాబు ఇవ్వడానికి గడువులు, గుర్తుచేసే లేఖలు, మళ్ళీ గడువులు. నష్టం నిజమని తేలితే ఆ సొమ్ము రాబట్టడానికి బాధ్యుడి మీద సర్‌చార్జి వేయవచ్చు. అప్పటికి కార్యదర్శి మూడు బదిలీలు దాటి ఉంటాడు, సర్పంచి మాజీ అయి ఉంటాడు, గుత్తేదారు వేరే పేరుతో వేరే మండలంలో పని చేస్తుంటాడు. కాగ్ నివేదిక శాసనసభకు చేరి ప్రజా పద్దుల సంఘం చేతికి వచ్చేసరికి ఆ చెరువు మీద కొత్తగా ఇంకోసారి పూడికతీత మంజూరై ఉండవచ్చు. ఈ పొరలన్నీ అవసరమైనవే. కానీ అన్నీ పైకి చూసే పొరలే. కింది అధికారి పై అధికారికి లెక్క చెబుతాడు, ఊరికి చెప్పడు.

ఊరికి లెక్క చెప్పించిన ప్రయోగం మన రాష్ట్రంలోనే ఒకటి జరిగింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షనులో గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే దాన్ని మొదలుపెట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీని ఏర్పాటు చేసి, రాష్ట్రవ్యాప్తంగా క్రమం తప్పకుండా తనిఖీలు జరిపిన మొదటి రాష్ట్రమైంది. ఊరి పిల్లలే మస్టరు (కూలీల హాజరు) కాగితాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఫలానా వారం నువ్వు పనికి వెళ్ళావా, నీ చేతికి ఎంత వచ్చింది అని అడిగారు. కొలతలు టేపుతో మళ్ళీ కొలిచారు. చివరన మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అందరి ముందూ చదివారు. చనిపోయినవారి పేర్లతో హాజరు పడిన సంగతి ఏ ఆడిటరుకూ దొరకలేదు గానీ పక్కింటివాడికి నిమిషంలో దొరికింది. దీని లోపం కూడా దాచను: తేలిన సొమ్ము పెద్దది, వెనక్కి వసూలైనది చిన్నది. నలుగురిలో తల దించుకోవలసి రావడం కొందరికి శిక్షే అయింది, కొందరికి రెండోసారికి అలవాటైపోయింది. అయినా పంచాయతీ నిధులన్నిటికీ ఈ పద్ధతి ఎందుకు లేదని నేను నా శాఖలోనే అడిగాను. “అది వాళ్ళ పథకం, ఇది మన పద్ధతి” అన్నారు.

గ్రామసభల సంగతికి వస్తే, 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిపారు. మంచిదే. అయితే సభ జరగడం వేరు, సభలో జమాఖర్చు చదవడం వేరు. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసుకునే ఊళ్ళు నాకు తెలుసు, మీకూ తెలుసు. అదే నెలలో ఇంకొక మార్పు జరిగింది, అది నాకు మరింత ఆసక్తికరం. స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం జరుపుకోవడానికి అప్పటిదాకా చిన్న పంచాయతీకి 100 రూపాయలు, మేజర్ పంచాయతీకి 250 రూపాయలు మాత్రమే మంజూరు. వాటిని 10 వేలకు, 25 వేలకు పెంచారు. మూడు దశాబ్దాలకు పైగా ఆ వంద రూపాయలే చలామణీలో ఉన్నాయి. వందకు జెండాకర్ర తాడు కూడా రాదు. మరి ఇన్నేళ్ళూ పిల్లలకు పంచిన చాక్లెట్లు ఏ పద్దులో పడ్డాయి? బ్లీచింగ్ పౌడరులో పడ్డాయి, వీధి దీపాల్లో పడ్డాయి. నిజాయితీపరుడైన సర్పంచి చేత కూడా ఏడాదికి రెండుసార్లు తప్పుడు ఓచరు రాయించే నిబంధన అది. చాక్లెట్లకు తప్పుడు ఓచరు రాయడం నేర్చిన చెయ్యి అక్కడితో ఆగుతుందా అన్నది మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఓచర్లు ఎక్కడో బీరువాలో లేవు. 2020 ఏప్రిల్‌లో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ మొదలైంది. మీ జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఏ పనికి ఎంత చెల్లించారో మీ ఫోనులోనే కనబడుతుంది. చెల్లింపుకు కార్యదర్శి, సర్పంచి డిజిటల్ కీలు, అంటే కంప్యూటరు సంతకాలు, కావాలి. సర్పంచి కీ ఎవరి జేబులో ఉంటోందో, ముఖ్యంగా మహిళా సర్పంచి అయినచోట, నేను చెప్పనవసరం లేదు. పోర్టల్‌లో లేనిది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మొత్తం లెక్కలన్నీ ఇమ్మని మాత్రం అడగకండి. అలా అడిగితే నాలుగు వందల పేజీలకు నకలు ఖర్చు కట్టమంటారు, మీరు ఊరుకుంటారు. ఒక్క పని ఎంచుకోండి. దాని అంచనా, దాని ఎం-బుక్కు పేజీ, దాని ఓచరు, ఈ మూడే అడగండి.

మీ ఊరి చెరువునే తీసుకోండి. ఎం-బుక్కులో పూడిక తీతకు ముందు మట్టాలు, తరువాతి మట్టాలు ఉంటాయి. పొడవు, వెడల్పు, లోతు ఉంటాయి. ఇది పదో తరగతి లెక్కే, ఇక్కడున్న పిల్లలు చేసేస్తారు. కొలవడానికి కావలసింది యాభై మీటర్ల టేపు, నలుగురు మనుషులు, చెరువు గురించి తెలిసిన ఒక ముసలాయన. చెరువు అడుగు కనిపించేది మే నెల చివర్లో కొద్ది రోజులే. కాలువకు నీరు వదిలి తూము ఎత్తారంటే ఇక కొలవడానికి వీలుండదు, మళ్ళీ వచ్చే ఏడాదిదాకా ఎం-బుక్కులో రాసిందే నిజం. కాబట్టి దరఖాస్తు మార్చి మొదటి వారంలోనే పెట్టండి. ముప్పై రోజుల గడువు, దాని మీద అప్పీలు పోయినా, మే మూడో వారానికి కాగితం చేతికి వస్తుంది. పెద్దావిడ అడిగిన ఊరికి నేను ఆ తరువాత వెళ్ళలేదు. మీలో ఎవరైనా టేపు పట్టుకుంటానంటే, రెండో కొస పట్టుకోవడానికి నేను వస్తాను. నా ఫోన్ నంబరు ఇక్కడి గ్రంథపాలకుడి దగ్గర ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.